మా ఊరి నేరాల పట్టిక

పెద్ద పోలీసు ఆఫీసులో ఉత్తరాలు విప్పేది ఎవరైతే వారికి,

కొండ మీది రాళ్ల క్వారీ ఊళ్లో కుట్టుమిషను మీద బతికే మనిషిని, నమస్కారం చెప్పుకుని రాస్తున్నాను. ఊళ్లో అందరూ నన్ను మిషనత్త అంటారు. ఉత్తరం నేనే ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడ నా అక్షరాలే కాస్త నిటారుగా నిలబడతాయి.

విషయానికి వస్తాను. పోయిన మంగళవారం పట్టపగలు మా మోటారు పోయింది. ఊరంతా గొల్లుమంది. నలభై ఒక్క ఇళ్లకీ అదొక్కటే ఆధారం. పద్నాలుగేళ్లు ఒక్క పూట కూడా మూలపడకుండా మా కోసం కష్టపడింది. అలాంటిది కళ్లముందే పోతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆడవాళ్లయితే దాని చోటు చూసి ఇప్పటికీ కళ్లొత్తుకుంటున్నారు.

మాకు దగ్గరలో ఠాణా డెబ్భై కిలోమీటర్లు. బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది, డ్రైవరుకి బుద్ధి పుడితే. ఈ ఉత్తరం వచ్చేదీ ఆయన చొక్కా జేబులోనే. దయచేసి మా ఊరికి ఒక కానిస్టేబులును వేయించండి. బక్కగా ఉన్నా ఫర్వాలేదు.

ఇట్లు,
మిషనత్త

తా.క.: వచ్చే కానిస్టేబులు యూనిఫారం ఎక్కడ పిగిలినా ఊరికే కుట్టిపెడతాను. ఈ ముక్క ఆయనకి ముందే చెప్పండి, ఉత్సాహంగా వస్తాడు.

* * *

శ్రీమతి మిషనత్త గారికి,

మీ లేఖ అందినది. మీ ఊరి వాస్తవ్యులు, ‘మోటారు’ అను మారుపేరు గలవారు మరణించినందుకు ఈ కార్యాలయం తరఫున సంతాపం తెలియజేయడమైనది. పద్నాలుగు సంవత్సరాలు వారు ఊరికి చేసిన సేవ ప్రశంసనీయము.

అయితే మరణము సహజమైనదా, అనుమానాస్పదమైనదా అన్నది మీరు తెలుపలేదు. సహజ మరణాలతో పోలీసు శాఖకు సంబంధం లేదు. అనుమానాస్పదమైనచో ఈ దిగువ వివరాలు పంపవలెను: మృతుని అసలు పేరు, తండ్రి పేరు, వయస్సు, పుట్టుమచ్చలు, చివరిసారి ఎవరితో కలిసి కనిపించినది.

ఇట్లు,
హెడ్ గుమాస్తా,
గణాంకాల విభాగం

* * *

గుమాస్తా గారికి,

మిషనత్త నమస్కారాలు. మీ ఉత్తరం బోరుబావి దగ్గర నిలబడి నలుగురికీ చదివి వినిపించాను. నవ్వలేక ఇద్దరు కూలబడ్డారు. అందులో మా కోడలు ఒకతె, ఆరో నెల కడుపుతో ఉంది, కాబట్టి ఇకమీదట ఉత్తరాలు కాస్త చూసి రాయండి.

బాబూ, మోటారంటే మనిషి కాదు. బోరుబావిలోంచి నీళ్లు తోడే మోటారు. చచ్చిపోలేదు, దొంగలెత్తుకుపోయారు. అయినా అడిగారు కనుక చెబుతున్నాను. తండ్రి పేరు: పొట్ట మీద రేకు ఉండేది, దాని మీద కంపెనీ పేరు అరిగిపోయింది. వయస్సు: పద్నాలుగు. పుట్టుమచ్చలు: ఎడం పక్కన అరచెయ్యంత గ్రీజు మరక. చివరిసారి ఎవరితో కనిపించింది: ముగ్గురు మగవాళ్లతో, నీలం వ్యానులో.

వాళ్లు వచ్చి, “నీటి శాఖ నుంచొచ్చాం, సర్వీసింగుకి తీసుకెళుతున్నాం” అన్నారు. పదేళ్లుగా ఏ శాఖా మా గడప తొక్కలేదు కదా, మాకు ఆనందం ఆగలేదు. కుర్చీలు వేశాం, టీ ఇచ్చాం. మోటారు బరువుగా ఉందంటే మా మగవాళ్లే నలుగురు భుజం పట్టి వ్యానెక్కించారు.

ఇప్పుడు నీళ్లు కావాలంటే కొండ కింద ఊటకి దిగాలి. రెండు వందల ఎనభై మెట్లు. దిగేటప్పుడు ఖాళీ బిందె, ఎక్కేటప్పుడు నిండు బిందె. దేవుడు అటుది ఇటు పెట్టుంటే బాగుండేది. కోడల్ని దిగనివ్వడం లేదు. ఇక్కడ కాలు జారితే చూసే నర్సు కూడా లేదు.

మాకు ఠాణా కావాలి. నర్సు కావాలి. మోటారు కావాలి. ఏది ముందు పంపినా గొడవ చెయ్యం.

ఇట్లు,
మిషనత్త

తా.క.: మీరు పంపిన సంతాపం వృథా చెయ్యలేదు. మొన్న క్వారీ మేస్త్రీ గాడిద పోయింది, దానికి చెప్పేశాం. అది నిజంగానే చచ్చిపోయింది.

* * *

శ్రీమతి మిషనత్త గారికి,

మీ రెండవ లేఖ పరిశీలించడమైనది. సంతాపం రద్దు చేయడమైనది.

మీ కోరికపై రికార్డులు తిరగవేయగా తేలినది ఏమనగా, గత పదేళ్లలో మీ ఊళ్లో నమోదైన నేరాల సంఖ్య సున్నా. ఏడాదికి కనీసం ఇరవై ఐదు నేరాలు నమోదైన చోటనే ఠాణా మంజూరు చేయుటకు నిబంధన ఉన్నది. నేరం నమోదు కావలెనన్న అది ఠాణాలోనే కావలెను. మీ ఊళ్లో ఠాణా లేదు గనుక నేరాలు నమోదు కావు, నేరాలు నమోదు కావు గనుక ఠాణా రాదు. ఇందులో ఈ కార్యాలయం చేయగలిగినది ఏమీ లేదు.

నర్సు విషయమై ఆరోగ్య శాఖ వారిని సంప్రదించితిమి. ఆసుపత్రి రిజిస్టరులో మీ ఊరి రోగుల సంఖ్య కూడా సున్నాయే అని తెలిపిరి. మీ ఊళ్లో ఆసుపత్రి లేదన్న సంగతి వారూ అంగీకరించిరి.

నేరాలూ రోగాలూ లేని మీ ఊరిని ‘ఆదర్శ ప్రశాంత గ్రామం’గా గుర్తించి ప్రశంసాపత్రం జతపరచడమైనది. గోడకు తగిలించుకొనగలరు.

ఇట్లు,
హెడ్ గుమాస్తా

గమనిక: ఠాణా లేని ఊళ్లవారు తమ నేరాలను నేరస్థుని సంతకంతో సహా టపాలో పంపినచో ఈ కార్యాలయంలోనే నమోదు చేయవచ్చునని ఒక పాత నిబంధన ఉన్నది. ఇంతవరకు ఎవరూ వాడుకొనలేదు.

* * *

గుమాస్తా బాబుకి,

మిషనత్త దీవెనలు. మీరు చాలా మంచివారు. మొదట్లో రాయిలా అనిపించారు గానీ, ఉత్తరం అడుగున చిన్నక్షరాలతో దారి చూపించారు. మీరు చెప్పినట్టే నేరాలు పంపిస్తున్నాం.

ఊరంతా బడి వరండాలో కూర్చుని ఒక పూటలో పని తెమిల్చాం. ఇరవై ఐదు కావాలన్నారు, నలభై మూడు వచ్చాయి. అందరూ నేనంటే నేనని తోసుకున్నారు. విడివిడిగా సంతకాలతో, వేలిముద్రలతో కట్ట కట్టి పంపుతున్నాను. కొన్ని ముఖ్యమైనవి చెబుతాను.

క్వారీ మేస్త్రీ తన చిన్నప్పుడు బడి గంట ఎత్తుకెళ్లి మేక మెడలో కట్టాడు. మేకల కాపరి ఆ మేకని ఎత్తుకెళ్లాడు. గంటతో సహా కాబట్టి రెండు కేసులుగా రాయించాం. మొగుడూ పెళ్లాలు ఒక జంట ఒకరినొకరు కొట్టుకున్నామని ఒప్పుకున్నారు. ముందు ఎవరు కొట్టారన్న దగ్గర మాట తేడా వచ్చి, వరండాలోనే మళ్లీ కొట్టుకున్నారు. అది ఆ జంటకి మూడో కేసు, సాక్షులు నూట ఇరవై మంది. నేను ముప్పై ఏళ్లుగా ప్రతి జాకెట్టు దగ్గరా జానెడు గుడ్డ మిగుల్చుకున్నాను. ఇది మాత్రం నిజం, ఇంట్లో దుప్పట్లన్నీ అవే.

చివరగా ఎనభై రెండేళ్ల ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, “నాదీ రాసుకో. హత్య” అంది. “ఎవర్ని?” అని అడిగాం. “మా ఆయన నా వంట తినే పోయాడని మా తోడికోడలు ఇరవయ్యేళ్లుగా అంటూనే ఉంది. ఇన్నాళ్లూ పోట్లాడాను. ఊరికి పనికొస్తుందంటే ఒప్పుకుంటాను” అంది.

ఇక ఠాణా ఎప్పుడు?

ఇట్లు,
మిషనత్త (నిందితురాలు నంబరు ఏడు)

తా.క.: మీ ప్రశంసాపత్రం మందంగా, బాగుంది. చొక్కా కాలర్లలో పెట్టి కుట్టాను. ఊళ్లో ఆరుగురు ఇప్పుడు మెడ నిలబెట్టి నడుస్తున్నారు.

* * *

శ్రీమతి మిషనత్త గారికి,

మీ కట్ట అందినది. ఆఫీసు మొత్తం అట్టుడికినట్టున్నది.

నేను నేరాలు పంపమన్నది జరిగినవి ఉంటేనని. చేయమని గాని, పోటీలు పడమని గాని కాదు. నలభై మూడింటినీ నమోదు చేయక తప్పలేదు. ఒక్క రోజులో నలభై మూడు నేరాలు, అందులో ఒక హత్య. జనాభాతో భాగించి చూడగా మీ ఊరు మొత్తం ప్రాంతంలోనే అత్యంత ప్రమాదకర గ్రామంగా తేలినది. ఆదర్శ గ్రామ గుర్తింపు రద్దు అయినది.

పర్యవసానాలు: ఒకటి, ఇంత ప్రమాదకరమైన చోటికి సిబ్బందిని పంపరాదు గనుక ఠాణా ప్రతిపాదన తిరస్కరించడమైనది. రెండు, నెలకొకసారి నర్సును పంపాలని ఆరోగ్య శాఖ వారు నిన్ననే నిర్ణయించిరట. నేడు విరమించుకొనిరి. మూడు, బస్సు ఇకపై మీ ఊరి దాకా రాదు. పద్నాలుగు కిలోమీటర్ల ఇవతల, కూడలి నుంచే వెనుదిరుగును.

ఇప్పటికైనా ఒప్పుకోళ్లు వెనక్కి తీసుకొనండి. లేనిచో ఏమి జరుగునో గ్రహించండి. నిందితులందరినీ శాఖ వాహనాల్లో ఇక్కడికి తీసుకురావలసి వచ్చును. ఇరవై నాలుగు గంటల్లో ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ డాక్టరుచే తల నుంచి కాలి దాకా పరీక్షలు జరిపించవలెను. రెండు పూటలా భోజనం, పడుకొనుటకు చాప, దుప్పటి ఇవ్వవలెను. అనారోగ్యం ఉన్నచో ఆసుపత్రిలో చేర్పించవలెను. విడుదలైనచో తిరిగి ఇంటి వద్ద దింపవలెను. ఇంత కఠినమైన వ్యవహారం.

ఇట్లు,
హెడ్ గుమాస్తా

గమనిక (సొంతం): అమ్మా, ఆ ముసలమ్మ కాగితం ఆఫీసరుగారి బల్ల మీదికి వెళ్లిపోయింది. నా చేతిలో లేదు. ఆవిడకి ఎలాగోలా నచ్చజెప్పండి.

* * *

గుమాస్తా బాబుకి,

మీ ఉత్తరం చదివి వినిపించాను. చప్పట్లు కొట్టారు.

‘ఇంత కఠినమైన వ్యవహారం’ అన్న దగ్గర మళ్లీ చదవమన్నారు. వాహనం పంపుతారా? డాక్టరు తల నుంచి కాలి దాకా చూస్తాడా? తిరిగి ఇంటి దగ్గర దింపుతారా? బాబూ, ఇక్కడ మనిషికి గుండెపోటొస్తే మంచం మీద వేసుకుని పద్నాలుగు కిలోమీటర్లు మోస్తాం. రెండేళ్ల కిందట మా ఆయన్ని అలాగే మోశారు. కూడలికి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా మంచం దింపేశారు, ఇక మొయ్యక్కర్లేకపోయింది. మంచివాళ్లుగా ఉన్నన్నాళ్లూ మమ్మల్ని చూడ్డానికి ఒక్కరూ రాలేదు. దొంగలమైతే వ్యాను పంపుతామంటున్నారు. అయితే మేం దొంగలమే.

ఒక్క కాగితం కూడా వెనక్కి తీసుకోం. పైగా ఇంకొకటి పంపుతున్నాను. నలభై నాలుగో నిందితురాలు మా కోడలు. ఎనిమిదో నెల. కాళ్లు వాచాయి, తల తిరుగుతోందంటోంది. దాని నేరం: అత్తగారి కత్తెర దొంగతనం. కత్తెర నేనే ఇచ్చాను, అయినా రాసేశాను.

ముసలమ్మకి నచ్చజెప్పమన్నారు. చెప్పాను. “నాకు రెండు కళ్లూ మసకేశాయి. డాక్టరు చూసేదాకా నేను హంతకురాలినే” అంది.

బస్సు ఆపేశారు కాబట్టి ఈ ఉత్తరం మేకల కాపరి నడిచి కూడలికి తెస్తున్నాడు. వ్యాన్లు ఎప్పుడొస్తాయో చెబితే బట్టలు సర్దుకుంటాం.

ఇట్లు,
మిషనత్త, మరియు మిగతా నిందితులు

తా.క.: వ్యాను మెట్టు ఎత్తుగా ఉంటే ఒక పీట పెట్టించండి. కోడలు ఎక్కలేదు. ముసలమ్మ ఎక్కుతుంది, హత్య చేసినప్పట్నుంచి హుషారుగా ఉంది.

* * *

గుమాస్తా బాబుకి,

మీరు మేడ మీద, నేను మేడ కింద. అయినా ఉత్తరమే రాస్తున్నాను. నిందితులు మెట్లెక్కకూడదని సెంట్రీ అన్నాడు. ఈ కాగితం టీ కుర్రాడి పళ్లెంలో గ్లాసు కింద పెట్టి పంపుతున్నాను. తడిస్తే క్షమించండి.

మీ జవాబు కోసం చూస్తూండగానే మూడు వ్యాన్లలో తుపాకులతో దిగారు. మేం బట్టల మూటలతో వరసలో నిలబడి ఉన్నాం. “అందరూ చేతులెత్తండి” అన్నాడు వాళ్ల పెద్ద. “మూటలెవరు పట్టుకుంటారు నాయనా?” అంది ముసలమ్మ. తర్వాత వాళ్లే పట్టుకున్నారు.

కూడలి దాటాక మీ వాళ్లు ఒక కబురు చెప్పారు. పైకి వచ్చేటప్పుడు మలుపులో ఒక నీలం వ్యాను బురదలో దిగబడి కనిపించిందట. పాపం అని పన్నెండు మంది పోలీసులు దిగి తోసి పంపించారట. “రేకులు వేసుకెళుతున్నారు, బరువుగా ఉంది” అన్నాడొకాయన. నేను అడిగాను, “పచ్చ రంగు రేకులా?” అని. అవునన్నాడు. అవి మా బడి పైకప్పు రేకులు. ముందురోజు మధ్యాహ్నమే పోయాయి. మోటారు మేం ఎక్కించాం, రేకులు మీరు తోశారు. ఇక ఆ దొంగలకి పని మనుషులెందుకు?

అసలు సంగతికొస్తాను. డాక్టరు అందర్నీ చూశాడు. ముసలమ్మకి రెండు కళ్లలో శుక్లాలు. ఒకటి నిన్ననే తీశారు. కట్టు విప్పగానే నన్ను చూసి, “నువ్వింత ముసలిదానివైపోయావేమే” అంది. మేస్త్రీకి ఊపిరితిత్తుల్లో రాతిపొడి, మందులిచ్చారు. కోడలిని చూసి డాక్టరు మొహం మారిపోయింది. బీపీ చాలా ఎక్కువుందట. ఇంకో వారం అక్కడే ఉండి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదట. పెద్దాసుపత్రికి మార్చారు. నన్ను గానీ, నిందితుల్లోనే ఉన్న మా అబ్బాయిని గానీ తోడు పంపడం లేదు. నేను నిందితురాలు నంబరు ఏడుని కదా.

మేడ మీద మీకు కిటికీ ఉంటే కిందికి చూడండి. నీలం చీర నాది.

ఇట్లు,
మిషనత్త

తా.క.: రెండో పూట భోజనంలో ఉప్పు లేదని ముసలమ్మ ఫిర్యాదు. ‘నేను ఇంతకంటే బాగా వండేదాన్ని’ అంటోంది. ఈ మాట కోర్టులో ఆవిడకి అనుకూలంగా పనికొస్తుందేమో చూడండి.

* * *

శ్రీమతి మిషనత్త గారికి,

కార్యాలయ సమయంలో నిందితులతో ఉత్తరప్రత్యుత్తరాలు నిషిద్ధం. కనుక ఇది మధ్యాహ్న భోజన విరామంలో రాయడమైనది.

నిందితురాలు నంబరు నలభై నాలుగు పరారు కాలేదని ధ్రువీకరించుకొనుటకు పెద్దాసుపత్రికి నేనే స్వయంగా వెళ్లితిని. అక్కడ నాలుగు గంటలు కూర్చొనవలసి వచ్చినది. ఆడపిల్ల. రెండున్నర కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం. వార్డులో దగ్గరి బంధువు ఎవరని అడుగగా ఎవరూ లేకపోవడం చేత నేనే సంతకం చేసితిని. సంబంధం అన్న గడిలో ‘గుమాస్తా’ అని రాసితిని.

కేసులు మేజిస్ట్రేటు గారి ముందుకు రేపు వచ్చును.

ఇట్లు,
హెడ్ గుమాస్తా

గమనిక: కిటికీ ఉంది. చూశాను. పాప మీ పోలికే, అరుపు కూడా.

గమనిక రెండు (మర్నాడు చేర్చినది): మేజిస్ట్రేటు గారు కాగితాలన్నీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, అన్ని కేసులూ కొట్టేశారు. కొట్టేసిన కేసులు లెక్కలోకి రావు. మీ ఊరి నేరాల సంఖ్య మళ్లీ సున్నా. రిజిస్టరులో ఆ సున్నా నా చేత్తోనే చుట్టవలసి వచ్చింది. శనివారం మిమ్మల్ని ఇళ్ల వద్ద దింపి, అప్పగింత కాగితాల మీద సంతకాలు తీసుకొనుటకు నేనే వ్యానులో వచ్చుచున్నాను.

* * *

మీ ఊరి గృహస్థులందరికీ తెలియజేయునది,

శనివారం నాడు విడుదలైన వారిని దింపుటకు మీ ఊరు వచ్చిన సందర్భంలో ఈ కార్యాలయపు గుండ్రని రబ్బరు ముద్ర కనిపించకుండా పోయినది. ఆ ముద్ర లేనిదే ఈ కార్యాలయం నుంచి ఒక్క ఉత్తర్వు కూడా కదలదు. శాఖ ఆస్తి పోయిన చోట నలభై ఎనిమిది గంటల్లో ఠాణా తెరిచి, అది దొరికే వరకు దర్యాప్తు జరుపవలెనని నిబంధన ఉన్నది. ఆ ప్రకారం తక్షణమే బలగాలను పంపడమైనది. ముద్ర తీసిన వారు వెంటనే అప్పగించవలెను.

ఆఫీసరు గారి ఆజ్ఞ మేరకు,
హెడ్ గుమాస్తా

* * *

గుమాస్తా గారికి,

ఈసారి నమస్కారం చెప్పాలో వద్దో తెలియక మానేస్తున్నాను.

నలభై నాలుగు నేరాలు ఒప్పుకున్నాం, మాకేం సిగ్గెయ్యలేదు. ఎందుకంటే నా జానెడు గుడ్డల సంగతి తప్ప అవేవీ చెయ్యలేదు. ఇప్పుడు చెయ్యని దొంగతనం నిజంగానే మా నెత్తిన రుద్దారు. మీరు వచ్చిన రోజు మా ఇంట్లో కూర్చుని మంచినీళ్లు తాగారు. ఆ నీళ్లెక్కడివని అడిగి, ఊటకి దిగారు. ఆ రెండు వందల ఎనభై మెట్లూ నా బిందె భుజాన పెట్టుకుని ఎక్కారు, నాలుగుచోట్ల ఆగారు, అయినా దింపలేదు. అలాంటి మనిషి మమ్మల్ని దొంగలనడం నాకు కష్టంగా ఉంది.

ఊళ్లో ప్రతి ఇంట్లో నేనే వెతికించాను. బియ్యం డబ్బాలు గుమ్మరించాం. మేకల్ని కూడా పట్టి చూశాం, ఒకటి రబ్బరు తింటుందని అనుమానం. ఎక్కడా లేదు. ముసలమ్మ అలవాటుగా “నేనే తీశాను” అంటూ వెళ్లింది. హెడ్ కానిస్టేబులు, “నువ్వు ఊరుకో అవ్వా, నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది” అన్నాడు.

అవును, పోలీసులొచ్చారు. ఆరుగురు. బడి పక్క గదిలో దిగారు. వాళ్ల రాకపోకల కోసం బస్సు మళ్లీ ఊరిదాకా వస్తోంది. సిబ్బంది ఉన్న చోట నర్సు ఉండాలట, వాళ్ల కోసం ఒకావిడ వచ్చింది. పొద్దున పోలీసులకి జ్వరాలున్నాయేమో చూస్తుంది, వాళ్లకి ఉండవు, మిగతా రోజంతా మా మనవరాలినీ ఊరినీ చూస్తుంది. పోలీసులు రెండు రోజులు ఊట మెట్లెక్కి, మూడో రోజు పై ఆఫీసుకి ఫోను చేశారు. నాలుగో రోజుకి కొత్త మోటారు వచ్చింది. ఐదో రోజు ఆ నీలం వ్యాను ముగ్గురూ దాన్ని కూడా ‘సర్వీసింగు’కి తీసుకెళదామని వచ్చారు. మేం కుర్చీలు వేశాం. టీ పోలీసులు ఇచ్చారు.

మా మోటారు పోతే కదలని ఆఫీసు తన రబ్బరు ముక్క పోతే కొండెక్కింది. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. కానీ గుర్తుంచుకోండి. ఠాణా ఉంటుంది కదా అని మేం దొంగతనం నెత్తిన వేసుకోం. అబద్ధపు నేరాలు ఎన్నయినా ఒప్పుకుంటాం గానీ నిజం నేరం మాత్రం ఒప్పుకోం. మేం తీయలేదు. తీయలేదు. తీయలేదు.

ఇట్లు,
మిషనత్త

తా.క.: ఆ ముద్ర దొరికిన రోజున వీళ్లందరూ వెళ్లిపోతారటగా? హెడ్ కానిస్టేబులు చెప్పాడు. అది విన్నాక వెతకడం కాస్త నెమ్మదించాం.

* * *

అక్కయ్యా,

ఇది ఆఫీసు కాగితం కాదు, చూశావుగా. ఇంటి దగ్గర కూర్చుని రాస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టెయ్యి.

మీరు తీయలేదని నాకు తెలుసు. ముద్ర నేనే తీశాను.

ఆ రోజు బిందెతో మూడోసారి ఆగినప్పుడు, ఊపిరందక ఒక రాతి మీద కూలబడ్డాను. ముప్పై ఒక్కేళ్లుగా నేను ఆ సీటులో కూర్చుని సున్నాలు చుడుతున్నాను. నా సున్నాలు చాలా గుండ్రంగా ఉంటాయని ఆఫీసులో పేరు. ఒక్కొక్క సున్నాలో ఒక్కొక్క ఊరు ఉందని, ఆ ఊళ్లో మెట్లున్నాయని, ఆ మెట్ల మీద ఎవరో నిండు బిందెతో ఆగి ఉంటారని నాకు ఎప్పుడూ తోచలేదు. ఆఫీసు మీ కోసం కదలదు. దేని కోసం కదులుతుందో నాకు ఒక్కడికే తెలుసు. అప్పగింత కాగితాలకి వేసేందుకు తెచ్చిన ముద్రని సంచీలోంచి తీసి భోజనం డబ్బా అడుగు గిన్నెలో పెట్టుకుని వ్యానెక్కాను. సోమవారం ఉదయం ‘పోయింది’ అని అరిచాను. ఈసారి ఆ మాటకి అర్థం ఏమిటని ఎవరూ అడగలేదు.

నిన్ను దొంగ అనాల్సి వచ్చింది. అది రాయడం నాకు తేలిక కాలేదు. కావాలంటే ఆ కాగితం చూడు, ‘అప్పగించవలెను’ దగ్గర గీత వంకర పోయింది. క్షమించు.

డ్రైవరు చేతికి ఈ ఉత్తరంతో పాటు చిన్న పొట్లం ఇస్తున్నాను. అందులో ముద్ర ఉంది. నా దగ్గర ఉంటే ఎప్పుడో బయటపడుతుంది. నువ్వు దాన్ని పదిమంది మధ్య ఎక్కడైనా దాచు, నాకు మాత్రం చెప్పకు. ఆఫీసు కొత్త ముద్ర చేయించుకుంది, దానికి ఏ లోటూ లేదు. కానీ పాతది దొరికేదాకా దర్యాప్తు ముగియదు, దర్యాప్తు ముగిసేదాకా ఠాణా ఎత్తడానికి వీల్లేదు. నిబంధన నేనే మూడుసార్లు చదివి చూశాను.

పాపకి నా ఆశీస్సులు. ఆసుపత్రి కాగితంలో ‘గుమాస్తా’ అన్న చోట ‘పాపకి తాతయ్య’ అని దిద్దించుకో.

నీ తమ్ముడు

తా.క.: మీలాంటి సున్నా ఊళ్లు నా రిజిస్టరులో ఇంకా పదకొండు ఉన్నాయి. నా రిటైర్మెంటుకి పదకొండు నెలలుంది. ఆఫీసులో ముద్రలు ఇంకా తొమ్మిదే ఉన్నాయి. మిగతా రెండు ఊళ్లకీ ఆఫీసరుగారి కుర్చీ, గోడ గడియారం సరిపోతాయేమో చూస్తున్నాను.